చట్ట మూలాల వర్గీకరణ: ఒక విమర్శనాత్మక పరిశీలన

అమెరికా న్యాయవ్యవస్థను పరిచయం చేసే పాఠ్యపుస్తకాలు సాధారణంగా చట్టానికి నాలుగు మూలాలను పేర్కొంటాయి. అవి: రాజ్యాంగం, చట్టసభలు చేసే శాసనాలు, పాలనా సంస్థల నిబంధనలు, న్యాయస్థానాల పూర్వ తీర్పులు. ఫెడరల్ స్థాయిలోనూ, ప్రతి రాష్ట్రంలోనూ ఈ నాలుగూ కనిపిస్తాయి. వీటి నుంచి వచ్చిన చట్టాన్ని సివిల్, క్రిమినల్ అని విడదీయడం తరువాతి మెట్టు. ఒక నియమం ఎక్కడ పుట్టిందో గుర్తించడానికి ఈ వర్గీకరణ బాగా ఉపకరిస్తుంది. అయితే ఆ నియమాన్ని ఎవరు మార్చగలరు అనే ప్రశ్నకు ఇది సూటిగా జవాబు చెప్పదు. చట్టం వల్ల నష్టపోయామనుకునే పౌరునికి ముందుగా కావలసింది ఆ జవాబే.

మొదట అమెరికా ఉదాహరణలనే చూద్దాం. జెండాను తగలబెట్టి నిరసన తెలపడం భావప్రకటనా స్వేచ్ఛ కిందకు వస్తుందని 1989లో టెక్సాస్ వర్సెస్ జాన్సన్ కేసులో ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కాంగ్రెస్ అదే సంవత్సరం జెండా రక్షణకు చట్టం చేసింది. 1990లో కోర్టు దానినీ కొట్టివేసింది. మరొకటి, వేతన వివక్షపై ఫిర్యాదు గడువు గురించి 2007లో వచ్చిన లెడ్‌బెటర్ తీర్పు. దాని ప్రభావాన్ని కాంగ్రెస్ 2009లో కొత్త చట్టంతో తొలగించింది. ఈ రెండూ వర్గీకరణలో ‘పూర్వ తీర్పులు’ అనే ఒకే గడిలోకి వస్తాయి. కానీ మొదటిది రాజ్యాంగానికి చెప్పిన అర్థం. దానిని మార్చాలంటే కోర్టే మనసు మార్చుకోవాలి, లేదా మూడు వంతుల రాష్ట్రాలు ఆమోదించే రాజ్యాంగ సవరణ రావాలి. రెండవది శాసనానికి చెప్పిన అర్థం కాబట్టి మామూలు శాసనమే సరిపోయింది.

మన ప్రాంతంలోనూ ఇదే ప్రశ్న ఎదురవుతుంది. కామవరపుకోట మండలంలోని గుంటుపల్లి బౌద్ధ గుహలు కేంద్ర పురావస్తు శాఖ సంరక్షణలో ఉన్నాయి. ఇటువంటి కట్టడాల చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతమనీ, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతమనీ 1992లో కేంద్రం ఒక నోటిఫికేషన్ ద్వారా ప్రకటించింది. 2010లో పార్లమెంటు 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టాన్ని సవరించి ఆ హద్దులను చట్టంలోనే చేర్చింది. దూరం మారలేదు. ప్రభుత్వం తన ఉత్తర్వుతో తగ్గించుకోగల హద్దు మాత్రం పార్లమెంటు అనుమతి లేనిదే కదలని హద్దు అయింది.

మెట్ట నుంచి ఏలూరు దాటి దక్షిణానికి దిగితే కొల్లేరు వస్తుంది. అక్కడి ఉదాహరణ మరింత కఠినమైనది. రాష్ట్ర ప్రభుత్వం 1999లో జీ.ఓ. 120 ద్వారా ఐదవ కాంటూరు వరకు సరస్సును అభయారణ్యంగా ప్రకటించింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాల మేరకు అందులోని చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. 2008లో రాష్ట్ర శాసనసభ హద్దును మూడవ కాంటూరుకు తగ్గించాలని తీర్మానించింది. జీ.ఓ. కంటే శాసనసభ పెద్దది కదా, కనుక హద్దు మారి ఉండాలి అని నాలుగు మూలాల పట్టిక చదివిన విద్యార్థి అనుకుంటే తప్పు లేదు. కానీ మారలేదు.

కారణం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 26ఏ సెక్షను. 1991 సవరణ ప్రకారం అభయారణ్యం హద్దు మార్చడానికి రాష్ట్ర శాసనసభ తీర్మానం అవసరం. 2002 సవరణ ఆ అధికారాన్ని తీసివేసి జాతీయ వన్యప్రాణి మండలి సిఫారసును తప్పనిసరి చేసింది. జీ.ఓ. జారీ చేసింది రాష్ట్రమే అయినా దాని బలం పార్లమెంటు చట్టం నుంచి వచ్చింది. పైగా సభ చేసింది తీర్మానం, శాసనం కాదు. అదే తీర్మానం 2002 సవరణకు ముందు చేసి ఉంటే చట్టం అడిగిన షరతు నెరవేరి ఉండేది.

సివిల్, క్రిమినల్ విభజన కూడా కొల్లేరులో నిలవదు. అభయారణ్యంలో నిషిద్ధ కార్యం చేయడం నేరం. అదే హద్దులో జిరాయితీ పట్టా ఉన్న రైతు పరిహారం అడిగితే అది ఆస్తి హక్కు వివాదం. తరతరాలుగా వల వేసి బతికిన వారి వాదన ఆచారానికి సంబంధించినది. మన రాజ్యాంగం 13వ అధికరణం కోసం ‘చట్టం’ అనే మాటను నిర్వచిస్తూ నోటిఫికేషన్‌ను, చట్టబలం గల ఆచారాన్ని కూడా చేర్చింది. నాలుగు గడుల పట్టికలో ఆచారానికి చోటే లేదు.

ఇంతమాత్రాన ఆ వర్గీకరణను తోసిపుచ్చనవసరం లేదు. మూలం తెలియకుండా మార్చే అధికారం ఎవరిదో తెలియదు. కనుక విద్యార్థులు పట్టికకు మరో రెండు గడులు చేర్చుకోవాలి: ఈ నియమానికి బలం ఎక్కడి నుంచి వచ్చింది? దీనిని ఎవరు, ఏ పద్ధతిలో మార్చగలరు? ఏ జీ.ఓ. చేతికి వచ్చినా అది ఏ చట్టంలోని ఏ సెక్షను కింద జారీ అయిందో ముందు చూడండి. అర్జీ సచివాలయానికి పెట్టాలో, ఢిల్లీకి పంపాలో, కోర్టుకు వెళ్ళాలో ఆ సెక్షను చదివితేనే తేలుతుంది.