నూలుపోగు దారి

బెంగుళూరు ఎంత దూరమని ఆదోనిలో అడిగితే కిలోమీటర్లు చెప్పేవాళ్ళు తక్కువ. "రాత్రి బండెక్కితే తెల్లారేసరికి దిగుతావు" అంటారు. మోటు లెక్కలా కనిపిస్తుంది గానీ, అలా బెంగుళూరులో దిగి శాన్‌ఫ్రాన్సిస్కో విమానం ఎక్కేవాడికి దారి గీసిపెట్టే నిపుణుల లెక్కా ఇదే. ముందు గంటలు, ఆ తర్వాతే కిలోమీటర్లు.

ఇంట్లో గ్లోబు ఉంటే ఎమ్మిగనూరు మగ్గాల దగ్గరి నూలుపోగు ఒకటి తెచ్చుకోండి. ఒక కొస బెంగుళూరు మీద, ఇంకో కొస శాన్‌ఫ్రాన్సిస్కో మీద పెట్టి బిగించండి. గోడ పటం చూసి తూర్పుకో పడమరకో పోతుందనుకున్న పోగు ఉత్తరానికి ఎగబాకుతుంది. నేపాల్, టిబెట్, సైబీరియా, అలాస్కా. పొడవు దాదాపు 14,000 కిలోమీటర్లు. ఇంతకన్నా దగ్గర దారి లేదు. అయినా విమానం దీన్ని పట్టుకుని పోదు. నన్ను ముచ్చటపరిచే పనితనం ఆ పోకపోవడంలోనే ఉంది.

టిబెట్ సంగతే చూడండి. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పడిపోతే విమానం గబగబా పదివేల అడుగులకు దిగాలి. ప్రయాణికుల ముందు వేలాడే మాస్కుల్లో ఆక్సిజన్ కొన్ని నిమిషాలకే సరిపోతుంది. కానీ ఆ పీఠభూమి సగటు ఎత్తే 4,500 మీటర్లు, అంటే పద్నాలుగు వేల అడుగుల పైమాట. నేలే అంత ఎత్తున ఉంటే పదివేలకు దిగేదెక్కడ? అందుకే దారిని వంచుతారు. ఆ వంపుకు ఎంత ఇంధనం పడుతుంది, మధ్యలో ఇంజను మొరాయిస్తే దిగడానికి ఏ విమానాశ్రయం అందుబాటులో ఉంటుంది అన్నవన్నీ బయల్దేరకముందే తేలాలి.

2021 జనవరి 9 రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కోలో లేచిన ఎయిర్ ఇండియా బోయింగ్ 777 ఉత్తర ధ్రువం మీదుగా వచ్చి, 11 తెల్లవారుజామున బెంగుళూరులో దిగింది. దాదాపు 17 గంటలు. నడిపిన నలుగురూ మహిళలే: జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనావరే, శివానీ మన్హాస్. రెండో పేరు దగ్గర నా కళ్ళు కాసేపు ఆగాయని ఒప్పుకోవాలి.

గ్లోబు మీద పోగును ధ్రువం దాకా తీసుకెళ్ళి కిందికి దింపి చూడండి. అదనంగా పట్టేది నాలుగు వందల కిలోమీటర్ల లోపే. విమానం నడిచిన అసలు దారి ఇంకా పొడవు. ఆ ఎక్కువ దూరం దేనికంటే, గాలికి. పడమటి నుంచి తూర్పుకు ఉరికే జెట్ స్ట్రీమ్ అటు పోయేవాళ్ళను తోస్తుంది, ఇటు వచ్చేవాళ్ళకు అడ్డుపడుతుంది. ధ్రువం చుట్టుపక్కల దాని జోరు తక్కువ.

అక్కడ తిప్పలు వేరు. అయస్కాంత ధ్రువం దగ్గరలోనే ఉంటుంది గనుక దిక్సూచిని నమ్మలేం, నిజ ఉత్తరాన్ని బట్టి పోవాలి. మాటలు చేరవేసే, భూమధ్యరేఖ మీదుండే ఉపగ్రహాలు దిగంతానికి కిందైపోతాయి, అందుకే పాతకాలపు హెచ్‌ఎఫ్ రేడియోకు పని పడుతుంది. అమెరికాలో సాధారణంగా పోసే జెట్ ఎ ఇంధనానికి గడ్డకట్టే హద్దు మైనస్ 40 డిగ్రీలు. రెక్కల్లో అది ఎంత చల్లబడుతోందో పైలట్లు కనిపెట్టి చూస్తుంటారు. హద్దు దగ్గరపడితే కాస్త వెచ్చని గాలిలోకి దిగుతారు, లేదా వేగం పెంచుతారు. వేగం పెరిగితే గాలి ఒరిపిడికి రెక్క ఓ రెండు మూడు డిగ్రీలు వేడెక్కుతుంది.