వార్తాసేకరణకు వీడియో కెమెరా ఎంపిక: ఒక విమర్శనాత్మక పరిశీలన

వీడియో కెమెరాలోని ముఖ్య భాగాలు, అవి పనిచేసే తీరు గత పాఠంలో తెలుసుకున్నారు. ఇప్పుడు ఆ పరిజ్ఞానంతో ఒక ఆచరణాత్మక ప్రశ్నను పరిశీలిద్దాం. ఒక వార్తా చానల్‌కు గానీ, ఒక జిల్లా విలేఖరికి గానీ కెమెరా కొనవలసి వస్తే దేనిని బట్టి నిర్ణయించాలి? కెమెరాల మీద వెలువడే సమీక్షలు చదివితే మీకు ఎక్కువగా కనిపించేవి బొమ్మకు సంబంధించిన అంకెలే. ఎన్ని పిక్సెళ్లు, ఎంత పెద్ద సెన్సర్, 4కే ఉందా లేదా అన్నవే అందులో ప్రధానం. సినిమాకు, పెళ్లి వీడియోకు ఈ కొలమానం పనికివస్తుంది గానీ వార్తకు చాలదు. వార్తాసేకరణ కెమెరాను ముందుగా దాని చెవిని బట్టి, తరువాత దృశ్యాన్ని డెస్క్‌కు చేర్చగల వేగాన్ని బట్టి, ఆ తరువాతే బొమ్మను బట్టి అంచనా వేయాలని ఈ పాఠం వాదిస్తుంది. ఈ వాదనను మీరు యథాతథంగా అంగీకరించనవసరం లేదు. కింది ఉదాహరణలతో సరిచూసుకోండి.

ఒకే కన్ను, రెండు కెమెరాలు

2000లో సోనీ సంస్థ చూడడానికి అన్నదమ్ముల్లా ఉండే రెండు కెమెరాలను విడుదల చేసింది. వీఎక్స్2000 గృహ వినియోగదారుల కోసం, డీఎస్ఆర్-పీడీ150 వృత్తి నిపుణుల కోసం. రెండింటిలోనూ 1/3 అంగుళం సీసీడీలు మూడేసి ఉన్నాయి. లెన్స్ కూడా అదే, 12 రెట్ల జూమ్. పక్కపక్కన పెట్టి ఒకే దృశ్యాన్ని తీస్తే ఏ బొమ్మ ఏ కెమెరాదో చెప్పడం కష్టం. అయినా పీడీ150 ధర ఎక్కువ. ఆ అదనపు సొమ్ము దేనికి?

మొదటిది ధ్వని. వీఎక్స్2000లో బయటి మైకు కోసం 3.5 మిల్లీమీటర్ల చిన్న జాక్ ఉంటుంది. తోపులాటలో ఎవరి కాలో వైరుకు తగిలితే ఊడిపోతుంది. ఊడిన సంగతి కెమెరామన్ గమనించేసరికి నాయకుడి ప్రకటన అయిపోతుంది. పీడీ150లో రెండు ఎక్స్ఎల్ఆర్ సాకెట్లు, మైకుకు విద్యుత్తు అందించే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఉన్నాయి. ఎక్స్ఎల్ఆర్ ప్లగ్గు గడియ పడినట్టు బిగుసుకుంటుంది. అందులోని రెండు సంకేత తీగలు దారిలో చొరబడిన విద్యుత్ గుయ్యిమనే శబ్దాన్ని పరస్పరం రద్దు చేసుకుంటాయి కాబట్టి వైరు పొడవుగా ఉన్నా మాట శుభ్రంగా వస్తుంది.

రెండవది టేపు. పీడీ150 మామూలు డీవీతో పాటు డీవీక్యామ్ పద్ధతిలోనూ రికార్డు చేస్తుంది. ఈ పేరు చూసి బొమ్మ మెరుగవుతుందని చాలామంది అనుకుంటారు. రెండింటిలోనూ బొమ్మ సమాచారం సెకనుకు 25 మెగాబిట్లే. డీవీలో 10 మైక్రాన్లు ఉండే ట్రాక్ వెడల్పు డీవీక్యామ్‌లో 15 మైక్రాన్లు. అందువల్ల టేపు మరింత నమ్మకంగా పనిచేస్తుంది, 60 నిమిషాల క్యాసెట్టు 40 నిమిషాలకే అయిపోతుంది. అంటే వృత్తి నిపుణుడు చెల్లించిన అదనపు ధర అందమైన బొమ్మకు కాదు, తీసినది పోకుండా ఉండడానికి.

అయితే సాకెట్ ఉన్నంత మాత్రాన సరిపోదు. తొలి విడత పీడీ150లలో ధ్వనితో పాటు సన్నని హిస్ వినిపిస్తోందని వినియోగదారులు ఫిర్యాదు చేశారు. తరువాత సంస్థ దానిని సరిచేసింది. సాకెట్ వెనుక ఉండే ప్రీయాంప్ ఎంత నిశ్శబ్దంగా ఉందో కరపత్రం చెప్పదు, హెడ్‌ఫోన్ పెట్టుకుని వింటేనే తెలుస్తుంది.

బైట్ పోతే ఏం పోతుంది

వానకు తడిసిన ధాన్యం రాశి పక్కన నిలబడి ఒక రైతు మాట్లాడుతున్నాడనుకోండి. బొమ్మలో కొంచెం మచ్చలు ఉన్నా ప్రేక్షకుడు క్షమిస్తాడు. కానీ ఆ రైతు మాట గాలి హోరులో కలిసిపోతే మిగిలేది ధాన్యం రాశి, పెదవుల కదలిక మాత్రమే. డెస్క్ వారు దానిపై వాయిస్ ఓవర్ చదివించి ప్యాకేజీ నడిపేస్తారు. అప్పుడు ప్రేక్షకుడు వినేది రైతు సాక్ష్యం కాదు, చానల్ చెప్పిన మాట. మళ్లీ ఒకసారి చెప్పమని అడగవచ్చు కదా అని మీరు అనవచ్చు. రెండోసారి చెప్పేటప్పుడు మనిషి కెమెరా కోసం చెబుతాడు. మొదటిసారి నోటికొచ్చిన మాట మళ్లీ రాదు. పోలీసు కస్టడీలో దెబ్బలు తిన్నానని చెబుతున్న వ్యక్తి విషయంలో ఈ నష్టం ఎంతటిదో వేరే చెప్పనవసరం లేదు.

కాబట్టి కెమెరా చేతికి తీసుకోగానే చూడవలసినవి ఇవి. ధ్వని స్థాయిని మార్చే మరలు బయటే ఉన్నాయా, మెనూలో నాలుగు మెట్లు దిగాలా? హెడ్‌ఫోన్ జాక్ ఉందా? రెండు చానళ్లను విడివిడిగా నడపవచ్చా? ఒకదానికి విలేఖరి చేతిలోని లోగో మైకు, రెండోదానికి కెమెరా మీది గన్ మైకు కలిపి పెట్టుకుంటే ఒకటి విఫలమైనా రెండోది ఆదుకుంటుంది. ఆటోమేటిక్ స్థాయి నియంత్రణను పూర్తిగా నమ్ముకోవద్దు. ధర్నాలో నినాదం మిన్నంటగానే అది స్థాయిని తగ్గిస్తుంది, వెంటనే మాట్లాడిన మనిషి గొంతు మునిగిపోతుంది.

ఈ కొలమానంతో కేనన్ 5డీ మార్క్ 2ను చూడండి. 2008లో వచ్చిన ఈ స్టిల్ కెమెరా వీడియో ప్రపంచాన్ని ఒక ఊపు ఊపింది. 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ ఫ్రేము అంత సెన్సర్ కావడంతో దాని బొమ్మకు అప్పటి వార్తా కెమెరాలేవీ సాటి రాలేదు. ఆ ప్రశంస న్యాయమైనదే. కానీ దానికి ఎక్స్ఎల్ఆర్ లేదు, హెడ్‌ఫోన్ జాక్ లేదు. ఒక్క క్లిప్ సుమారు 12 నిమిషాలకు ఆగిపోయేది. సెకనుకు 25 ఫ్రేముల సదుపాయం, ధ్వని స్థాయిని చేత్తో మార్చుకునే వీలు 2010లో ఫర్మ్‌వేర్ మారిన తరువాతే వచ్చాయి. అందరూ మెచ్చుకున్న ఆ మసక నేపథ్యం కూడా వార్తలో ఇబ్బందే. మాట్లాడే మనిషి ఆవేశంలో అర అడుగు ముందుకు వేస్తే ముఖం ఫోకస్ తప్పుతుంది. 1/3 అంగుళం సెన్సర్‌లో ముందున్న మనిషి, వెనుకనున్న జనం ఇద్దరూ స్పష్టంగా ఉంటారు. సినిమా విమర్శకుడు దీనిని లోపమంటాడు. వార్తలో మాత్రం ఆ వెనుకనున్న జనం కూడా సాక్ష్యమే.

ఐరోపా ప్రసార సంస్థల యూనియన్ అయిన ఈబీయూ హెచ్‌డీ కెమెరాల కోసం రూపొందించిన ఆర్118 సిఫార్సులో వార్తలకు వాడే కెమెరాలను ప్రత్యేక తరగతిగా చూడడం ఇక్కడ గమనార్హం.

వెలుతురు, విద్యుత్తు

బొమ్మను పూర్తిగా పక్కన పెట్టమని కాదు. బొమ్మలోనూ కరపత్రం చెప్పనివే ముఖ్యం. పీడీ150కి కనీస వెలుతురు 2 లక్సులు, 2003లో వచ్చిన పీడీ170కి 1 లక్సు అని ప్రకటించారు. ఇటువంటి అంకెలను గెయిన్ గరిష్ఠంగా పెంచి లెక్కిస్తారు. ఆ వెలుతురులో ఏదో ఒకటి కనిపిస్తుందన్నదే దాని అర్థం. రాత్రి రోడ్డు ప్రమాద స్థలంలో లారీ నంబరు చదవగలమా అన్నది వేరే ప్రశ్న. పెద్ద సెన్సర్‌కు నిజమైన ఆధిక్యం ఉన్నది ఇక్కడే, దానిని ఒప్పుకోవాలి. దీనికి వ్యతిరేకమైన పరిస్థితి మన మే నెల మధ్యాహ్నం. అప్పుడు కెమెరాలోనే అమర్చిన ఎన్‌డీ ఫిల్టర్ కావాలి. పీడీ150లో ఇవి రెండు ఉన్నాయి. లెన్స్ ముందు బిగించుకునే ఫిల్టర్ ఉంది కదా అనుకుంటే, అది బిగించేలోగా వార్త జరిగిపోతుంది.

విలేఖరుల సమావేశంలో ఫొటోగ్రాఫర్ల ఫ్లాష్ మరో పరీక్ష. సీసీడీ ఫ్రేమంతటినీ ఒకేసారి గ్రహిస్తుంది. సీమాస్ సెన్సర్ సాధారణంగా వరుసల వారీగా చదువుతుంది కనుక ఫ్లాష్ వెలిగినప్పుడు తెరలో కొంత భాగమే తెల్లని పట్టీలా మెరుస్తుంది. 2007 నాటి సోనీ ఈఎక్స్1 వంటి మంచి కెమెరాలోనూ ఈ దోషం కనిపించేది.

తెలుగు ఇళ్లలో వినిపించే ఒక ప్రశ్న కూడా ఉంది. అమెరికాలో ఉన్న బంధువుతో చౌకగా కెమెరా తెప్పించుకోవచ్చా? టేపు కాలంలో అక్కడివి ఎన్‌టీఎస్‌సీ, అంటే సెకనుకు దాదాపు 30 ఫ్రేములు, 480 గీతలు. మన పాల్ పద్ధతి 25 ఫ్రేములు, 576 గీతలు. ఆ కెమెరాతో తీసినది మన చానల్ ఎడిటింగ్‌లో నేరుగా ఇమడదు. నేటి కెమెరాలలో చాలావాటికి మెనూలోనే 50, 60 మార్చుకునే వీలుంది, కానీ కొనేముందు చూసుకోవాలి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 1/60 షట్టర్‌తో తీస్తే ట్యూబ్‌లైటు కింద బొమ్మ మిణుకుమిణుకుమంటుంది, 1/50తో తీస్తే అనదు.

డెస్క్‌కు చేరే దారి

క్యాసెట్టును బస్సులో పంపిన రోజుల్లో దూరమే సమస్య. ఇప్పుడు ఫైలు పరిమాణం సమస్య. సెకనుకు 50 మెగాబిట్ల చొప్పున తీసిన 2 నిమిషాల దృశ్యం 750 మెగాబైట్లు. మండల కేంద్రంలో అప్‌లోడ్ వేగం 5 మెగాబిట్లు ఉంటే అది చేరడానికి 20 నిమిషాలు. 4కేలో 100 మెగాబిట్లతో తీస్తే 40 నిమిషాలు. ఈలోగా పక్క చానల్ ఫోనులో తీసిన దృశ్యాన్ని నాలుగుసార్లు చూపిస్తుంది. అసలు ఫైలుతో పాటు చిన్న ప్రాక్సీ ఫైలును కూడా అదే సమయంలో రికార్డు చేసే కెమెరాకు 4కే కన్నా ఎక్కువ మార్కులు వేయాలి. ప్రత్యక్ష ప్రసారం చేయవలసి వస్తే ఎస్‌డీఐ సాకెట్ కావాలి. దాని బీఎన్‌సీ ప్లగ్గు తిప్పితే బిగుసుకుంటుంది. హెచ్‌డీఎంఐ వైరు లాగితే వస్తుంది.

ఎవరి డబ్బు?

ఈటీవీ2 2003లో, టీవీ9 2004లో మొదలై తెలుగులో నిరంతర వార్తలు వ్యాపించిన కాలంలో పీడీ170 వంటి చిన్న కెమెరాలు అందుబాటులో ఉండడం యాదృచ్ఛికమే కావచ్చు. కానీ భుజాన మోసే పెద్ద కెమెరాలతో అన్ని మండలాల వార్తలు తేవడం ఏ చానల్‌కూ సాధ్యమయ్యేది కాదు. ఇది చిన్న కెమెరా చేసిన మేలు. దీనికి మరో పార్శ్వం ఉంది. చాలాచోట్ల కెమెరా కొన్నది చానల్ కాదు, వార్తకు ఇంత అని తీసుకునే స్ట్రింగర్. అప్పు తీరాలంటే ఆ కెమెరాతోనే పెళ్లిళ్లు కూడా తీయాలి. అతను దుకాణంలో ఎంచుకునేది పెళ్లి ఆల్బమ్‌లో ముఖాలు మెరిసే కెమెరాను. మంచి మైకు కొనడం వచ్చే నెలకు వాయిదా పడుతుంది. ఈ ఎంపికను అతని అజ్ఞానంగా చూడడం అన్యాయం. హెచ్‌డీ దృశ్యాలు కావాలని షరతు పెట్టే సంస్థ వెయ్యి, రెండు వేల రూపాయల మైకు కూడా ఇవ్వకపోతే తప్పు ఎవరిదో మీరే ఆలోచించండి.

అభ్యాసం: ఈ రోజు రాత్రి ఏదైనా తెలుగు వార్తా చానల్ బులెటిన్‌ను అరగంట చూడండి. మొదటి పది నిమిషాలు తెరవైపు చూడకుండా వినండి. ఏయే బైట్‌లలో మాట స్పష్టంగా లేదో, అక్కడ వాడినది లోగో మైకా, కెమెరా మైకా, లేక ఫోనా అన్నది మీ ఊహ ప్రకారం రాసుకోండి. తరువాత తెర చూస్తూ సరిపోల్చి, రెండు పేజీలకు మించకుండా రాసి మీ అధ్యయన కేంద్రంలో కౌన్సిలర్‌కు చూపండి.