ముభావము, స్వభావము

ఆగ్రహమును వర్ణించుట తేలిక; అది అరచును, చేతికందినదానిని విసరును, తన్ను తానే చాటుకొనును. ముభావమట్లు కాదు, మాటలాడనొల్లని మనిషిని మాటలతోనే చూపవలసి వచ్చును. కథారచనలో ఈ చిక్కు ఎదురైనప్పుడెల్ల నేను ఆంగ్ల, స్పానిష్ రచయితల కడకు పోవుచుందును.

దేహమందలి నాలుగు ద్రవముల పాళ్లను బట్టి చిత్తవృత్తి యేర్పడునను ప్రాచీన గ్రీకు వైద్యసిద్ధాంతము ఈ రెండు భాషలకును ఉమ్మడి సొత్తు. మానవుల బుద్ధిభేదములకు శరీరధర్మములే హేతువులని స్పెయిన్ దేశపు వైద్యుడు హువాన్ హువార్తె 1575లో ప్రకటించిన గ్రంథము 1594 నాటికే ఇంగ్లీషులోనికి వచ్చెను. 1598లో బెన్ జాన్సన్ అట్టి చిత్తవికారములనే పాత్రలుగా నిలిపి లండనులో నాటకమాడించెను.

అయినను ఒక్కచోట దారులు చీలును. మనిషి యెట్టివాడో చెప్పుటకు 'సేర్' అనియు, ఇప్పుడెట్లున్నాడో చెప్పుటకు 'ఎస్తార్' అనియు స్పానిష్‌లో రెండు క్రియలు కలవు గనుక, చిరచిరలాడుట వాని పుట్టుగుణమా, నేటి పొద్దున పట్టిన ధుమధుమయా యన్నది తేల్చుకొననిదే అచ్చట వాక్యము ముందునకు సాగదు. క్రోధమును స్థాయిభావముగను, అమర్షమును సంచారిభావముగను విడదీసిన మన ఆలంకారికులకు ఈ వివేచనము మెచ్చదగినదిగనే తోచును.

ఇంగ్లీషున ఉన్నది ఒక్క క్రియయే; భారమంతయు రచయితదే. 1843లో డికెన్సు, తన కథానాయకుడైన స్క్రూజు నడివేసవిలో సైతము కార్యాలయమును గడ్డకట్టించుననియు, గ్రుడ్డివారి కుక్కలు అతనిని చూచి తమ యజమానులను ప్రక్కకు లాగుకొనిపోవుననియు చెప్పి, ఇది మారని స్వభావమని మనలను నమ్మించి, ఒక్క రాత్రిలో దానిని కరగించివేసెను. 1936లో స్పానిష్ నాటకకర్త లోర్కా సృష్టించిన బెర్నార్దా ఆల్బా యన్ననో, భర్త పోగానే కుమార్తెలపై ఎనిమిదేండ్ల శోకదీక్షను మోపి, రంగస్థలముపై తొలిమాటగను తుదిమాటగను నిశ్శబ్దమునే ఆజ్ఞాపించును. కన్నబిడ్డ మరణము సైతము ఆమెను కదలింపజాలదు.

అందుచేత ముభావిని చిత్రింపబూనునపుడు నేను విశేషణములను వెదకను. ఈ మనిషి రేపైనను నవ్వగలడా యని ముందుగా ప్రశ్నించుకొందును. నవ్వగలడేని, ఆ నవ్వునకు తొలిపుటలోనే చోటు విడువవలెను. నవ్వలేడేని, వానిని విడిచి, వానితో కాపురము చేయువారిని వర్ణింపవలెను.