చర్మ క్యాన్సర్ పాఠంలో కలకత్తా ఎక్కడ?

చర్మ క్యాన్సర్ గురించి మన పత్రికల ఆరోగ్య శీర్షికల్లో వచ్చే వ్యాసం ఏదైనా ఒకటి తీసి చదవండి. ఎండ, అతినీలలోహిత కిరణాలు, ఓజోన్ పొర, సన్‌స్క్రీన్ లేపనం, పుట్టుమచ్చల మీద ఒక కన్ను. ఇంచుమించు ఈ వరసలోనే సాగుతుంది. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ ఈ వ్యాసాలు చదివి మీరు మీ చర్మం గురించి గానీ, మీ పక్క ఊరి మనిషి చర్మం గురించి గానీ ఏం తెలుసుకున్నట్టు?

ముందు ఉన్న మంచిని ఒప్పుకుందాం. అతినీలలోహిత కిరణాలు చర్మకణంలోని డీఎన్ఏ మీద పడినప్పుడు పక్కపక్కనే ఉన్న రెండు థైమిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. కణం ఈ లోపాన్ని చాలా మటుకు సరిచేసుకుంటుంది. సరిచేసుకోలేని లోపాలు ఏళ్ల తరబడి పోగుపడితే క్యాన్సర్‌కు దారి తీయవచ్చు. ఆస్ట్రేలియాలో స్థిరపడిన తెల్లవారిలో ఈ వ్యాధి అంత ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే. వాళ్ల కోసం రాసిన హెచ్చరికలే అనువాదమై మన దాకా వచ్చాయి. మెలనిన్ దండిగా ఉన్న చర్మానికి ఎండ వల్ల ముప్పు చాలా తక్కువన్న మాట అనువాదంలో ఒక మూలకు జారిపోయింది. ఫలితంగా చదివిన కుర్రవాడు ఎండలోకి వెళ్లడానికి అనవసరంగా జంకుతాడు, లేదా "మనకేంలే, నల్లవాళ్లం" అని పుట మూసేస్తాడు. రెండోది మరీ ప్రమాదం. నల్లని చర్మంలో మెలనోమా అరుదే అయినా, వచ్చినప్పుడు తరచుగా అరికాల్లోనో గోటి కిందో వస్తుంది. ఎండతో దానికి పెద్దగా పని లేదు. జమైకా గాయకుడు బాబ్ మార్లే 1981లో 36 ఏళ్లకే చనిపోయింది బొటనవేలి గోరు కింద మొదలైన మెలనోమాతోనే.

ఇక అసలు ఫిర్యాదుకు వస్తాను. 1983లో కలకత్తా స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌లో చర్మవ్యాధుల వైద్యుడు డాక్టర్ కె.సి. సాహా దగ్గరికి పల్లెల నుంచి కొందరు రోగులు వచ్చారు. ఒంటి మీద వాన చినుకులు చిందినట్టు నల్ల మచ్చలు, అరచేతుల్లో అరికాళ్లలో గరుకు బుడిపెలు. చూడగానే కుష్ఠు అని పొరబడే లక్షణాలు. కారణం వాళ్లు తాగుతున్న గొట్టపు బావి నీళ్లలోని ఆర్సెనిక్ అని తేలింది. ఆ సంగతి 1984లో భారత వైద్య సంఘం పత్రికలో అచ్చయింది. అంటే మన దేశంలోనే, మన వైద్యులే, చర్మ క్యాన్సర్‌కు దారితీసే ఒక కారణాన్ని కళ్లకు కట్టి చూపించారు. మన ఆరోగ్య వ్యాసాల్లో దానికి ఒక పేరా దొరకడం కూడా కష్టం.

ఆర్సెనిక్ క్యాన్సర్‌కు కారణమన్న సంగతి కొత్తదేమీ కాదు. ఫౌలర్ ద్రావణం అనే ఆర్సెనిక్ మందును ఏళ్ల తరబడి వాడిన రోగుల చేతుల మీది ఆనెలు క్యాన్సర్‌గా మారడం లండన్ వైద్యుడు జొనాథన్ హచిన్సన్ 1887లోనే గమనించాడు. 1968లో తైవాన్‌లో బావినీళ్లు తాగే 40,421 మందిని పరీక్షిస్తే, వెయ్యికి సుమారు 10 మందిలో చర్మ క్యాన్సర్ కనబడింది. ఈ క్యాన్సర్ గుర్తు ఏమిటంటే, అది ఎండ తగలని చోటా వస్తుంది. ఛాతీ, వీపు, అరచెయ్యి, అరికాలు, తరచుగా ఒకటికి మించి పుండ్లు. పుట్టుమచ్చ ఆకారం మారిందా, రంగు మారిందా అని అద్దంలో చూసుకోమనే సలహా ఇక్కడ దాదాపు అక్కరకు రాదు. మచ్చలు రావడానికి కొన్నేళ్లు, క్యాన్సర్‌కు దశాబ్దాలు పడుతుంది కనుక, నీటికీ పుండుకీ సంబంధం రోగికి తట్టదు.

విషం నీళ్లలోకి ఎవరూ కలపలేదు. హిమాలయాల నుంచి కొట్టుకొచ్చిన ఒండ్రులో ఇనుప ఆక్సైడ్ రేణువులను అంటిపెట్టుకుని ఆర్సెనిక్ ఉంటుంది. నేల అడుగున గాలి ఆడని చోట సూక్ష్మజీవులు ఆ ఇనుమును కరిగిస్తే, దానితో పాటు ఆర్సెనిక్ కూడా నీళ్లలోకి దిగుతుంది. చెరువు నీళ్లతో కలరా, విరేచనాలు వస్తున్నాయని, మంచి ఉద్దేశంతోనే ఊరూరా గొట్టపు బావులు దింపారు. ఆ నీళ్లకు రంగూ లేదు, వాసనా లేదు, రుచీ మారదు. మరిగించి తాగండి అన్న మన పాత సలహా ఇక్కడ ఎదురు తిరుగుతుంది: నీరు ఆవిరై పోతుంది, ఆర్సెనిక్ మిగిలిపోతుంది.

ఇంకో మాట. ఒకే నీళ్లు తాగినా ముప్పు అందరికీ ఒకటి కాదు. దక్షిణ 24 పరగణాల్లో 7,683 మందిని పరీక్షించి డాక్టర్ డి.ఎన్. గుహ మజుందార్ బృందం 1998లో వెల్లడించిన అధ్యయనం ప్రకారం, మగవాళ్లలో చర్మ లక్షణాలు ఎక్కువ. తిండి చాలక బరువు తగ్గిన వాళ్లలో ముప్పు ఇంకాస్త ఎక్కువ. చర్మ క్యాన్సర్ వ్యాసంలో తిండి ప్రస్తావన మీరు ఎప్పుడైనా చూశారా?

జాబితాలో లేనిదాన్ని ఎవరూ వెతకరు. 1992లో బ్రిటిష్ భూగర్భ సర్వే వారు బంగ్లాదేశ్ బావుల నీటిని పరీక్షించినప్పుడు ఆర్సెనిక్ కోసం చూడనే లేదు. పక్కనున్న కలకత్తా నివేదిక అప్పటికి ఎనిమిదేళ్ల నాటిది. ఆ నిర్లక్ష్యం మీద ఒక బంగ్లాదేశ్ పౌరుడు వేసిన దావాను 2006లో లండన్‌లోని ప్రభువుల సభ కొట్టివేసింది. చట్టం దృష్టిలో అది సరే కావచ్చు. శాస్త్రం నేర్చుకునే మనం మాత్రం ఆ ఎనిమిదేళ్ల సంగతి అడగాలి కదా.

ఇదంతా ఎక్కడో పల్లెల గొడవ అనుకోకండి. 1988 నుంచి ఈ సమస్య వెంట పడిన జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రజ్ఞుడు దీపాంకర్ చక్రవర్తి, 2018లో మరణించడానికి ముందు ఏడాది తన బృందంతో కలిసి కోల్‌కతా నగరం లెక్క కూడా ప్రచురించారు. మొత్తం 141 వార్డుల నుంచి తీసిన 4,210 నమూనాల్లో 14.2 శాతంలో ఆర్సెనిక్ లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1993లో పెట్టిన హద్దు అదే. నగరం దక్షిణ భాగంలో పరిస్థితి ఎక్కువ ఆందోళనకరం.