ఎన్‌కౌంటర్ ఏ అలంకారం?

సిమిలీ, మెటఫర్, పర్సానిఫికేషన్, హైపర్‌బొలీ. ఇంగ్లీష్ గ్రామర్ పుస్తకాల చివర్లో ఈ పేర్లు, పక్కనే ఒక్కో నిర్వచనం, ఒక్కో ఉదాహరణ. 'లైక్' గానీ 'యాజ్' గానీ కనిపిస్తే సిమిలీ, లేకపోతే మెటఫర్. రెండు మార్కులు. ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అంటూ పోలికని నాలుగు ముక్కలు చెయ్యడం స్కూల్లోనే నేర్చుకున్న తెలుగువాళ్ళకి ఇదేం కష్టం కాదు. ఐ.ఏ. రిచర్డ్స్ 1936లో మెటఫర్‌లోని రెండు భాగాలకి టెనర్, వెహికిల్ అని పేర్లు పెడితే ఇంగ్లీష్ విమర్శకి అది కొత్త పనిముట్టు అయింది. మనకి ఉపమేయం, ఉపమానం ఎప్పట్నుంచో ఉన్నాయి. (ఆ రెండూ కలిసినప్పుడు పుట్టే అర్థం గురించి రిచర్డ్స్ పట్టింపు. అది వేరే చర్చ.)

కంటికి కనిపించే అలంకారాన్ని ఎవరైనా పట్టుకుంటారు. కనిపించకుండా పనిచేసేదాన్ని పట్టుకోవడం కష్టం. దానికి నాకు తెలిసిన మంచి పాఠం జార్జ్ ఆర్వెల్ 1946లో 'హొరైజన్' పత్రికలో రాసిన 'పాలిటిక్స్ అండ్ ద ఇంగ్లీష్ లాంగ్వేజ్'. చాలామంది చివర్న ఉన్న ఆరు రూల్స్ చదివి వదిలేస్తారు. నన్నడిగితే ఆ వ్యాసంలో అన్నిటికంటే చప్పగా ఉన్నవి అవే.

మెటఫర్లని ఆయన మూడు రకాలు చేస్తాడు. కొత్తగా పుట్టినవి చదవగానే బొమ్మ కడతాయి. పూర్తిగా చచ్చిపోయినవి మామూలు మాటలైపోతాయి. ఉక్కు సంకల్పం అంటే ఎవరికీ ఉక్కు గుర్తురాదు కదా, అలాంటివి. వాటితో ఇబ్బంది లేదంటాడు. చావలేక బతకలేక మధ్యలో వేలాడేవాటితోనే ఆయన గొడవ. ఆలోచించే శ్రమ తప్పించుకోడానికి వాడేవి అవి. ఆయన చూపించే సాక్ష్యం 'టో ద లైన్'. గీత దగ్గర కాలివేళ్ళు ఆనించి నిలబడటం అని దానర్థం. కొందరు దాన్నే తాడు కట్టి లాగడం అనే అర్థమొచ్చే ఇంకో 'టో' స్పెల్లింగ్‌తో రాసేస్తారు. అంటే రాసేవాడి కళ్ళ ముందు కాలూ లేదు, తాడూ లేదు. ఇంకోటి సుత్తీ దాగలీ. దెబ్బలన్నీ పాపం దాగలికే అన్నట్టు వాడతారు గానీ నిజానికి విరిగేది సుత్తి. కమ్మరి కొలిమి దగ్గర కాసేపు కూర్చున్నవాడెవడూ ఈ తప్పు చెయ్యడు.

తమాషా ఏమిటంటే, అరిగిపోయిన పోలికల మీద విరుచుకుపడే ఈ వ్యాసం నిండా పోలికలే. ముక్కలు తెచ్చి బిగించిన రెడీమేడ్ కోళ్ళగూడు, సింకులో అడ్డుపడ్డ టీ ఆకు, సిరా చిమ్మే కటిల్‌ఫిష్, నిజాల మీద మెత్తగా కురిసి వాటి ఆకారాలు చెరిపేసే మంచు. ఏదీ పుస్తకాల్లోంచి తెచ్చుకున్నది కాదు. చూసి రాసినవి.

ఒక్కచోట ఆర్వెల్‌తో నాకు పేచీ. చచ్చిన మెటఫర్ వల్ల హాని లేదని ఆయన నమ్మాడు. 1980లో జార్జ్ లేకాఫ్, మార్క్ జాన్సన్ 'మెటఫర్స్ వి లివ్ బై'లో దాదాపు దీనికి ఎదురు చెప్పారు. మనం గమనించడం మానేసిన మెటఫర్లే మన ఆలోచనకి దారులు వేస్తాయని వాళ్ళ వాదన. ఇంగ్లీషులో వాదన అంటే యుద్ధం, కాలం అంటే డబ్బు. మన దగ్గర మాత్రం? "ఆరోపణలని మంత్రి ఖండించారు" అని రోజూ చదువుతాం. ఖండించడమంటే నరకడం. కత్తి ఎవరికీ కనపడదు. వాదనని తిప్పికొడతాం, టైమ్ ఖర్చుపెడతాం. ఇద్దరు ఏదైనా చర్చించుకుంటే 'ఇంతకీ ఎవరు గెలిచారు' అని అడక్కుండా ఉండలేం.

ఆర్వెల్ వ్యాసంలో నన్ను వదలని భాగం మాత్రం యుఫెమిజమ్ గురించి రాసింది. పల్లెల మీద బాంబులేసి, జనాన్ని తరిమి, గుడిసెలు తగలబెడితే దాని పేరు 'పాసిఫికేషన్', అంటే శాంతింపజేయడం. రైతుల పొలాలు లాక్కుని లక్షలమందిని రోడ్లమీద నడిపిస్తే 'ట్రాన్స్‌ఫర్ ఆఫ్ పాపులేషన్'. మెటఫర్ బొమ్మ చూపిస్తుంది, ఇది బొమ్మని చెరిపేస్తుంది. ఎగ్జామ్ పేపర్లలో యుఫెమిజమ్‌కి ఉదాహరణగా 'పాస్డ్ అవే' అని రాసి ఊరుకుంటాం. మర్యాద కోసం వాడే మాటని చెప్పి, నేరాన్ని దాచే మాటని చెప్పకుండా వదిలేస్తాం.

ఆ రెండో రకం మాట తెలుగులోకి ఇంగ్లీషు నుంచే ఒకటి వచ్చింది. ఎన్‌కౌంటర్. డిక్షనరీలో ఎదురుపడటం, తారసపడటం అని ఉంటుంది. తలపడటం అనే పాత అర్థమూ ఉంది. 1945లో డేవిడ్ లీన్ తీసిన 'బ్రీఫ్ ఎన్‌కౌంటర్' రైల్వేస్టేషన్లో మొదలయ్యే ప్రేమకథ. ఆ టైటిల్ మొదటిసారి విన్న తెలుగువాడికి ఏం గుర్తొస్తుందో వేరే చెప్పాలా? దశాబ్దాలుగా మన పేపర్లలో ఆ మాటకి పోలీసుల చేతిలో చావు అనే అర్థం. దాని తెలుగు 'ఎదురుకాల్పులు' ఇంకా గడుసుది. అటువైపు నుంచి కూడా కాల్చారని, మూడంటే మూడక్షరాల 'ఎదురు'తో, ఏ రుజువూ లేకుండా ఒప్పించేస్తుంది.

వ్యాకరణం చూడండి. ఇంగ్లీషు ఎన్‌కౌంటర్‌కి ఇద్దరుండాలి, ఎవరికెవరో తారసపడాలి. మనం 'ఎన్‌కౌంటర్ జరిగింది' దగ్గర మొదలుపెట్టి 'ఎన్‌కౌంటర్ చేశారు' మీదుగా 'ఎన్‌కౌంటర్ చేసెయ్యాలి' దాకా వచ్చాం. ఇటు కర్త, అటు కర్మ. వ్యాకరణం ప్రకారమే లెండి. 2019లో దిశ కేసులో నిందితులు దొరికినప్పుడు ఈ మూడోది ఎంత మామూలుగా వినిపించిందో గుర్తుందా? 'చంపెయ్యండి' అనడానికి నోరు రానివాళ్ళు కూడా ఇది సునాయాసంగా అనగలిగారు. డిసెంబర్ 6న చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్, పోలీసులు చెప్పింది నమ్మదగ్గట్టు లేదని, చంపే ఉద్దేశంతోనే కాల్చారని తేల్చింది. ఆ రిపోర్టు 2022లో బయటికొచ్చింది.

ఈ మాట ఉన్న తెలుగు కథని ఇంగ్లీషులోకి తీసుకెళ్ళాల్సి వచ్చినప్పుడల్లా నా చెయ్యి ఆగుతుంది. 'ఎన్‌కౌంటర్' అని అలాగే ఉంచితే లండన్లో చదివేవాళ్ళు ఎవరో ఎవరికో తారసపడ్డారనుకుంటారు. 'కిల్డ్' అని రాస్తే, ఆ పాత్ర ఏ మాట వెనక నక్కి మాట్లాడుతోందో ఆ మాటే పోతుంది. ప్రస్తుతానికైతే కొటేషన్ గుర్తులు పెట్టి వదిలేస్తున్నాను.