అడవిపంది కైమా

టెక్సాసు నందలి అడవిపంది నిజమునకు ఆ నేలకు సహజమైన జాతి కాదు. 16వ శతాబ్దము మొదలుకొని స్పెయిను దేశీయులు అమెరికా ఖండమునకు ఆహారార్థము తెచ్చిన పెంపుడు పందులు దొడ్లు దాటి వనములు పట్టగా, 1930 దశకమున వేటవేడుకకై దిగుమతియైన ఐరోపా అడవిపందులు వానితో గలసి కన్న సంకరసంతతి యిది. నేడా రాష్ట్రమున నీ సంతతి 20 లక్షలకు పైబడి యుండునని యంచనా. క్రొత్తగా విత్తిన మొక్కజొన్న సాళ్లను వరుస తప్పకుండ పెల్లగించి ఒక్క రాత్రిలో చేనిని పాడుచేయగల యీ మందను తగ్గించుట రైతునకు తప్పని పని. కావుననే 2019 నుండి, భూయజమాని యనుమతి యున్నచో, అతని పొలమున దీనిని వేటాడుటకు లైసెన్సు సైతము అక్కరలేదు. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము అడవిపందికి రక్షణ కల్పించినది గనుక, నేను వ్రాయునదంతయు టెక్సాసు వంటయింటికే చెందునని పాఠకులు గ్రహింతురు గాక.

చంపిన పందిని పొలమునందే గ్రద్దల పాలుచేసి పోవుట ఈ ప్రాంతమున అరుదు కాదు. రైతు కష్టము చూచుచున్నవాడను గనుక చంపుటను నేను నిందింపను. కాని భుజింపదగిన దానిని కుళ్లనిచ్చుట నాకెన్నడును సమ్మతము గాలేదు. అందుచేతనే, తెలిసిన రైతులు తొడయో జబ్బయో ఇచ్చినప్పుడు దానిని ఇంటనే కైమా పట్టి వండుట నాకొక వ్రతమైనది. ఆ వ్రతమునకు నియమములు రెండే: మరలో నున్నంతసేపు చలి, పొయ్యిమీద సంపూర్ణమైన వేడి.

అడవిపంది మాంసము మిక్కిలి యెరుపు, కొవ్వు స్వల్పము. కేవలము దానినే మరపట్టినచో ఉడికిన పిదప ఇసుకవలె పొడిపొడియై నోటికి రుచింపదు. అందువలన నాలుగు పాళ్ల మాంసమునకు ఒక పాలు పెంపుడు పంది వీపుకొవ్వు చేర్చుదును. ముందుగా కండరములపై నుండు తెల్లని పొరను, నరములను వాడికత్తితో ఓపికగా తీసివేయవలెను. లేనిచో అవి మరకత్తికి చుట్టుకొని, మాంసమును కోయనీయక నలిపివేయును. తరువాత అంగుళపు ముక్కలను, మర యొక్క ఇనుప భాగములను గూడ, ముక్కల అంచులు బిరుసెక్కువరకు ఫ్రీజరునం దుంచవలెను. వేడి సోకిన కొవ్వు తెగక మెత్తబడి మాంసమునకు జిడ్డుగా పూసికొని, వండునపుడు కరిగి కారిపోవుటయే ఈ జాగ్రత్తకు కారణము. మొదట పది మిల్లీమీటర్ల రంధ్రములు గల బిళ్లతోను, పిదప అందు సగము రంధ్రముల బిళ్లతోను పట్టి, కిలోకు 15 గ్రాముల ఉప్పు చల్లి పిసికినచో, మాంసకృత్తులు జిగురెక్కి, కైమా ఉండలు నూనెలో విచ్చిపోకుండ నిలుచును.

ఇక వేడి. ఈ జంతువు బ్రూసెల్లా యను బాక్టీరియాను, ట్రైకినెల్లా యను సూక్ష్మక్రిమిని మోయవచ్చును. పచ్చిమాంసము కోయునపుడు చేతులకు రబ్బరు తొడుగులు అందుకే వలయును. గడ్డకట్టించినంత మాత్రమున బ్రూసెల్లా నశింపదు. అడవిజంతువులలోని ట్రైకినెల్లా జాతులు కొన్ని ఆ చలికిని చావవు. ఉప్పును, పొగయు నమ్మదగినవి కావు. పైగా, మర పైభాగపు మాలిన్యమును లోపలికంతకు పంచును. కావున ఉండ నడుమ 71 డిగ్రీల సెల్సియసు వేడి చేరినదని థర్మామీటరు చెప్పవలెనే గాని రంగు చెప్పరాదు. ఉప్పుకారములు చూచుటకు సైతము చిన్న బిళ్ల నొకటి పూర్తిగ వేచియే రుచి చూతును.

వండుట మన పద్ధతియే: ఎర్రగా వేగిన ఉల్లి, అల్లము, వెల్లుల్లి, ధనియాలు, లవంగము, చెక్క, నూరిన గసగసాలు. నీరింకి నూనె తేలువరకు వేచిన యీ కైమా, వేడియన్నములో కలుపుకొన్నప్పుడు, పెంపుడు మాంసమున కనరాని గాఢమైన రుచి నిచ్చును. అయితే ముదిరిన మగపంది కొవ్వులో చేరు దుర్గంధము ఏ మసాలాకును లొంగదు. పడుచు ఆడపంది మాంసమే శ్రేష్ఠము.

టెక్సాసులో స్థిరపడి, సెలవుదినములలో వేటకు పోవ నుత్సహించు తెలుగు యువకులను నేను వేడునది ఒక్కటే: తుపాకి పట్టుటకు ముందు కత్తి, మర, పొయ్యి నేర్చుకొనుడు. పంటను కాపాడుటకు ప్రాణము తీయవలసివచ్చును. ఆ యవసరము వ్యర్థపరచుటకు అనుమతి కాదు. ఎంత మాంసమును శుభ్రముగ కోసి, చల్లబరచి, వండి, నలుగురికి పెట్టగలరో అంతకే గురి పెట్టుడు.