సూత్రం వెనుక హేతువు: పాత బొమ్మల యుద్ధక్రీడా నియమగ్రంథాల ఆదరణ – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: బొమ్మసైనికులతో ఆడే యుద్ధక్రీడకు బ్రిటన్‌లో 20వ శతాబ్దంలో వెలువడిన నియమగ్రంథాలను, కొత్తవి ఎన్ని వచ్చినా, క్రీడాకారులు ఇప్పటికీ చదువుతున్నారు. ఈ ఆదరణకు కారణం గతంపై మమకారమే అన్న అభిప్రాయం ఉంది. అది పాక్షిక సత్యమేననీ, నియమంతో పాటు నియమహేతువును కూడా చెప్పిన రచనాపద్ధతే అసలు కారణమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇందుకు తెలుగు పాఠకులకు పరిచితమైన సూత్ర–వృత్తి సంబంధాన్ని విమర్శ పరికరంగా స్వీకరిస్తుంది.

కీలకపదాలు: యుద్ధక్రీడ, నియమగ్రంథం, సూత్రం, వృత్తి, హెచ్.జి. వెల్స్, ఫెదర్‌స్టోన్, ఫిల్ బార్కర్.

1. ఉపోద్ఘాతం

ఆటల నియమాలను సాహిత్యవిమర్శ సాధారణంగా పట్టించుకోదు. అవి ఉపయోగం కోసం పుట్టిన రాతలనీ, ఉపయోగం తీరగానే వాటి ఆయువు తీరుతుందనీ భావిస్తాం. అయితే వ్యాకరణమూ ఉపయోగం కోసం పుట్టినదే. చిన్నయసూరి బాలవ్యాకరణాన్ని ఈనాటికీ చదువుతున్నామంటే అందులోని విధులను తెలుసుకోవడానికి మాత్రమే కాదు. విధిని నిర్మించిన బుద్ధి ఎలా పనిచేసిందో గమనించడానికి కూడా. యుద్ధక్రీడా నియమగ్రంథాలను ఇదే దృష్టితో చూడవచ్చు.

2. నేపథ్యం

చదరంగానికి మూలమైన చతురంగం పేరులోనే రథ గజ తురగ పదాతులనే నాలుగు సేనాంగాలున్నాయి. 18వ శతాబ్ది చివర జర్మన్ దేశాలలో ఆ గళ్ల పలకను విస్తరించి, నిజమైన నేలను పోలిన ఆటగా మార్చే ప్రయత్నాలు జరిగాయి. ప్రష్యాలో రైస్‌విట్జ్ 1824లో ప్రచురించిన క్రీగ్‌స్పీల్ గళ్లను విడిచి సైనిక పటాన్ని, పాచికలను, మధ్యవర్తిని స్వీకరించింది. అది సైనికాధికారుల శిక్షణసాధనం. దానికి భిన్నంగా, గది నేలమీద బొమ్మలతో ఆడే వినోదానికి విస్తృతంగా ప్రచారం పొందిన తొలి నియమగ్రంథం హెచ్.జి. వెల్స్ 1913లో ప్రచురించిన ‘లిటిల్ వార్స్’.

3. వెల్స్: నియమానికి చరిత్ర చెప్పిన రచయిత

వెల్స్ నియమాలు కొద్దిపాటివే. కాల్బలం ఒక ఎత్తులో ఒక అడుగు, ఆశ్వికదళం రెండు అడుగులు కదులుతాయి. ఫిరంగిని కదిలించాలన్నా పేల్చాలన్నా దానికి ఆరు అంగుళాల లోపల కనీసం నలుగురు సైనికులుండాలి. ఫిరంగి కూడా నిజంగానే పేలుతుంది: స్ప్రింగు బలంతో చిన్న కొయ్యగుండును విసిరి బొమ్మలను పడగొడుతుంది.

అయితే వెల్స్ ఈ నియమాలను జాబితాగా ఇచ్చి ఊరుకోలేదు. ఆట ఎలా మొదలైందో, ఏ పద్ధతిని ఎందుకు విడిచిపెట్టవలసి వచ్చిందో, మిత్రులతో ఆడుతూ దేన్ని ఎలా సవరించుకున్నారో కథగా చెప్పాడు. ఎత్తుకు కాలపరిమితి విధించడానికి కారణం ఆలోచనలో మునిగిన ఆటగాడి జాప్యం. ఆరంభంలో రెండు సేనల నడుమ తెర కట్టడానికి కారణం ఎదుటివారి మోహరింపు ముందుగా తెలియకూడదన్న కోరిక. ఈ హేతువు తెలిసిన పాఠకుడు తెరకు బదులు మరో ఉపాయం ఆలోచించగలడు. హేతువు తెలియనివాడు నియమాన్ని పాటించడమో విడిచిపెట్టడమో తప్ప మరేమీ చేయలేడు.

4. ఫెదర్‌స్టోన్, యంగ్, గ్రాంట్: అసంపూర్ణతే ఆహ్వానం

డొనాల్డ్ ఫెదర్‌స్టోన్ 1962లో వెలువరించిన ‘వార్ గేమ్స్’లో ఒకే నియమావళి లేదు. ప్రాచీన యుద్ధాలకు టోనీ బాత్ నియమాలు, ఆధునిక యుద్ధానికి లయనెల్ టార్ నియమాలు, నడిమి కాలానికి తన నియమాలు చేర్చాడు. ఒకే గ్రంథంలో భిన్నపద్ధతులు పక్కపక్కన నిలవడం వల్ల ఏదీ అంతిమం కాదన్న సంగతి పాఠకుడికి చెప్పకుండానే తెలుస్తుంది. పీటర్ యంగ్, జె.పి. లాఫర్డ్ కలిసి రాసిన ‘ఛార్జ్!’ (1967), చార్లెస్ గ్రాంట్ ‘ది వార్ గేమ్’ (1971) ఈ ధోరణిని కొనసాగించాయి. గ్రాంట్ ముందు సమస్యను చర్చించి తర్వాతే నియమానికి వస్తాడు. ఆయన పాఠకుడు అనుచరుడు కాదు, చర్చలో రెండవ పక్షం.

ఈ గ్రంథాలలో ఖాళీలు అనేకం. నియమం తేల్చని సందర్భం వస్తే ఆటగాళ్లు మాట్లాడుకుని పరిష్కరించుకోవాలి. స్నేహితుల నడుమ ఇది లోపం కాదు. పరిచయం లేనివారు గెలుపు కోసం పోటీపడే చోట మాత్రం ఇదే పెద్ద లోపం. పోటీలు పెరిగినకొద్దీ నియమభాష శాసనభాషకు దగ్గర కావడంలోని అనివార్యతను గుర్తించకుండా పాతవాటిని పొగడటం సరైన విమర్శ కాదు.

5. బార్కర్: సూత్రశైలి, వ్యాఖ్యానావశ్యకత

శాసనభాషకు పరాకాష్ఠ 1990లో ఫిల్ బార్కర్ ప్రభృతులు రూపొందించిన ‘డి బెల్లిస్ ఆంటిక్విటాటిస్’. ఇందులో ఒక్కో సేనకు 12 దళాలే. ఒక పాచిక వేసి, వచ్చిన సంఖ్యను బట్టి ఆ ఎత్తులో ఎన్ని దళాలను లేదా దళసమూహాలను కదపవచ్చో నిర్ణయిస్తారు. తలపడినప్పుడు మృతుల లెక్క ఉండదు. దళం నిలుస్తుంది, వెనక్కి తగ్గుతుంది, లేదా నశిస్తుంది. సేనాపతి తన ఆజ్ఞ ఎంతవరకు చెల్లుతుందో ముందుగా తెలియని స్థితిలో ఉంటాడన్న చారిత్రకావగాహనను ఒక్క పాచిక మోస్తుంది.

సూత్రకారుడు అక్షరలాఘవాన్ని కోరుకుంటాడు. బార్కర్ వాక్యాలూ అంతే. ఒక్క మాట తీసినా అర్థం మారుతుంది. ఆ సాంద్రత వల్ల క్రీడాకారులే బొమ్మలతో, ఉదాహరణలతో అనధికార వ్యాఖ్యానాన్ని సిద్ధం చేసుకోవలసి వచ్చింది. చిన్నయసూరి సూత్రానికి తానే వృత్తి రాసినా తర్వాతివారు వ్యాఖ్యలు రాయక తప్పలేదు. చెప్పినదాన్ని, చెప్పకుండా విడిచినదాన్ని, సరిగా చెప్పనిదాన్ని పరిశీలించడం వార్తిక లక్షణమంటారు. నియమగ్రంథం చుట్టూ క్రీడాకారులు చేసిన పనీ అదే. వెల్స్, గ్రాంట్‌లలో వృత్తి సూత్రంలోనే కలిసిపోయింది. బార్కర్‌లో అది ప్రధానంగా పాఠకుల బాధ్యత అయింది. రెండు మార్గాలూ పాఠకుణ్ణి సహకర్తగా మార్చాయి.

6. పరిమితులు

ఈ గ్రంథాల దృష్టికోణాన్ని ప్రశ్నించకుండా స్వీకరించలేం. వెల్స్ తన ఆటను ప్రధానంగా బాలురకు ఉద్దేశించి, బాలికలలో బాలుర ఆటలను ఇష్టపడేవారికి మాత్రమే చోటిచ్చాడు. యుద్ధాన్ని సేనాపతి ఎత్తునుంచి చూడటం ఈ ప్రక్రియ స్వభావం. ఊరు కాలిపోయిన రైతుకు పాచిక లేదు. చిన్నయుద్ధం ఆడినవారికి పెద్దయుద్ధం ఎంత మూర్ఖమైన పనో తెలుస్తుందని వెల్స్ గ్రంథాంతంలో వాదించాడు. మరుసటి ఏడాదే మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. ఆట యుద్ధాన్ని ఆపలేదు. అయినా తన వినోదంలోని నైతికసమస్యను ఆటపుస్తకంలోనే ఎత్తిచూపిన నిజాయితీ గమనార్హం. హేతువు చెప్పే అలవాటున్న రచయిత మాత్రమే ఈ ప్రశ్నను తప్పించుకోలేడు.

7. ముగింపు

పాత నియమగ్రంథాల ఆదరణలో జ్ఞాపకాలకు చోటుంది. కానీ ఆ గ్రంథాలు వెలువడిన తర్వాత పుట్టిన పాఠకులూ వాటిని ఇష్టంగా చదవడాన్ని జ్ఞాపకం వివరించలేదు. హేతువుతో కూడిన నియమాన్ని సవరించవచ్చు, సవరించదగినది బతుకుతుంది. కేవలం ఆజ్ఞగా మిగిలిన నియమానికి మరో ఆజ్ఞ రాగానే కాలం చెల్లుతుంది. వంటపుస్తకాలు, వాస్తుగ్రంథాలు, ఆటల పుస్తకాలు వంటి తెలుగు ప్రయోజనాత్మక వచనాన్ని కూడా ఈ కొలమానంతో పరిశీలిస్తే, సాహిత్యేతరమని పక్కన పెట్టిన రచనలలో విమర్శకు తగిన సామగ్రి లభిస్తుంది.